ఉంది లువాన్

మా లువాన్ డైరెక్టరు గారికి 'లేదు' అనడం చేతకాదు. నత్తి కాదు, మొహమాటమూ కాదు. ఆ మాట ఆయన నోట్లో తయారు కాదు, అంతే. చిన్నప్పుడు వాళ్లమ్మ మూడో గిన్నె జావ పోసి, "ఇంకా ఆకలి లేదు కదరా?" అని ఆశగా అడిగితే "ఉంది" అనేవారట. బడిలో పంతులు "నీకు సిగ్గు లేదట్రా?" అని గద్దిస్తే లేచి చేతులు కట్టుకుని "ఉందండీ" అనేవారట. ఇలాంటి మనిషిని ఇంకెక్కడైనా అయితే ఏం చేసేవారో గానీ, మా పింగ్‌షీ తాలూకాలో మాత్రం విదేశీ పెట్టుబడుల ఆహ్వాన కార్యాలయానికి డైరెక్టరుని చేసి కూర్చోబెట్టారు. ఊరంతా ఆయన్ని 'ఉంది లువాన్' అనేది. ఎదురుగానే అనేది. ఆయన పలికేవారు కూడా.

ఆ ఆఫీసులో నేను కొరియా భాషకి దుబాసీని. నా పేరు పియావ్. మా పుట్టిల్లు ఎక్కడో ఈశాన్యాన, కొరియా సరిహద్దు పక్కన. ఇంట్లో కొరియా మాట, వీధిలో చీనా మాట. ఈ షాన్‌డాంగ్ రాష్ట్రపు పిల్లని చేసుకుని, ఆ పిల్లతోపాటు షాన్‌డాంగ్ ఉల్లిపాయల్ని కూడా కట్టుకుని ఇక్కడే ఉండిపోయాను. నాకు జుట్టు సగం నెరిసినా లువాన్ గారికి ఇప్పటికీ 'చిన్న పియావ్'నే. ఆయన 'ఉంది' అంటారు. అనేసి కళ్లు మూసుకుని టీ చప్పరిస్తారు. ఆ 'ఉంది'ని ఎదురుగా కూర్చున్న కొరియా మనిషి కళ్లలోకి చూస్తూ వాళ్ల భాషలో చెప్పాల్సిన పాపం నాది.

ఆ రోజుల్లో విదేశీ పెట్టుబడి అంటే పెళ్లికొడుకు. సముద్రం ఒడ్డునున్న ఊళ్లు మంచి మంచి సంబంధాలన్నీ ముందే పట్టుకుపోయాయి. మాది ఒడ్డు నుంచి బస్సులో ఒక పూట దూరం. మాకు మిగిలేది దారి తప్పినవాడూ, బస్సు దిగేటప్పుడు పొరపాటుపడ్డవాడూ. వచ్చినవాడికి మొదట్లో పన్ను వద్దు, ఆ తర్వాత కొన్నేళ్లు సగం పన్నే అంటూ అల్లుడి మర్యాదలు చేసేవాళ్లం. అయినా అల్లుళ్లు అడగకుండా ఉంటారా?

"మీకు విమానాశ్రయం ఉందా?" అని అడిగాడు ఒక ప్లాస్టిక్కు బిందెల ఆయన.

"ఉంది" అన్నారు లువాన్ గారు.

"ఓడరేవు?"

"ఉంది."

ఆయన్ని సాగనంపాక నేను మెడ తుడుచుకుంటూ అడిగాను. "డైరెక్టరు గారూ, మనకి విమానాశ్రయం ఎక్కడుందండీ?"

"చింగ్‌దావ్‌లో."

"అది చింగ్‌దావ్ వాళ్లది కదండీ!"

"ఆయన ఉందా అన్నాడు, ఎవరిదీ అన్నాడా? సూర్యుడు ఉన్నాడా అంటే నువ్వు ఉన్నాడనే అంటావు. సూర్యుడు మన తాలూకా వాడా?"

ఇలా మాటతో పోయే 'ఉంది'లతో చిక్కు లేదు. చేసి చూపించాల్సిన 'ఉంది'లతోనే ప్రాణం మీదికొచ్చేది. ఒకసారి మేజోళ్ల వ్యాపారి జపాను ఆయన వచ్చాడు. జపాను వాళ్లకీ జర్మనీ వాళ్లకీ చింగ్‌దావ్ నుంచి వేరే దుబాసీ వచ్చేది; అప్పుడు గుమ్మం బయట నిలబడి చెమటలు పట్టడం నా వంతు. లువాన్ గారు గదిలోంచి బయటికొచ్చి, "చిన్న పియావ్, జపాను ఆయన వేడినీటి ఊట ఉందా అని అడిగాడు. ఉందన్నాను" అన్నారు.

"అయ్యా, మన ఊళ్లో చన్నీళ్లే ఒక పూట వస్తాయి!"

"రేపు సాయంత్రం స్నానానికి వస్తానన్నాడు. పద."

మూతపడ్డ నూలు మిల్లులో పాత బాయిలరొకటి ఉండేది. దాన్ని కాసిన టెంగ్ బాబాయి మిల్లు మూసేశాక ఇంట్లో భార్యకి అడ్డం పడుతూ కూర్చున్నాడు. లువాన్ గారు తాలూకా ఆఫీసుకి పరిగెత్తి 'విదేశీ అతిథి కోరిక' అని ఒక్క ముక్క అన్నారు. బొగ్గు మంజూరైంది, గొట్టాలు మంజూరయ్యాయి, సిమెంటు మంజూరైంది. తెల్లారేసరికి నూలుకి గంజి పెట్టే పెద్ద తొట్టిని కడిగి, చుట్టూ వెదురు నాటి, వేడినీళ్లు వదిలారు. కడగడం మాత్రం కాస్త తొందరలో జరిగింది. జపాను ఆయన గంటసేపు హాయిగా నానాడు. బయటికొచ్చి ఆరేసరికి కనుబొమలు నిటారుగా లేచి నిలబడ్డాయి. మొహం కదలడం లేదు. "చర్మం బిగుతెక్కింది, మహత్తరమైన నీళ్లు" అని పళ్ల సందులోంచి చెప్పి, మేజోళ్ల ఫ్యాక్టరీ వేరే తాలూకాలో పెట్టుకున్నాడు. మాకు స్నానాల ఇల్లు మిగిలింది.

తర్వాత నీటి గొట్టాల కవాటాలు తయారుచేసే జర్మనీ ఆయన. ఈసారి గదిలోంచి వచ్చిన 'ఉంది' నల్ల రొట్టె. మళ్లీ తాలూకా ఆఫీసు, మళ్లీ 'విదేశీ అతిథి', మళ్లీ పెద్ద ఇటుక పొయ్యి మంజూరు. పొయ్యిని మౌ పిన్ని వాకిట్లో కట్టించారు. ఆవిడ అంతకుముందు ఆవిరి మీద తెల్ల రొట్టెలు తప్ప ఎరగదు. ఆవిడ కాల్చిన మొదటి నల్ల రొట్టెని బల్ల మీద పెడితే బల్ల ఒకవైపు ఒరిగింది. జర్మనీ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, వేలి కణుపుతో తట్టి, 'ఇదెందుకు ఇచ్చారో' అన్నట్టు తెల్లబోయి చూశాడు. పాపం, మర్యాదస్థుడు. ఇంజనీరు కాబట్టి, "పునాదికి బాగుంటుంది" అన్నాడు. ఆయనా పోయాడు. మాకు రొట్టెల దుకాణం మిగిలింది.

ఊళ్లో నవ్వులు మొదలయ్యాయి. "లువాన్ గారూ, ఫ్యాక్టరీ ఉందా?" అని రొట్టెలు కొనుక్కుంటూ అడిగేవారు.

"ఉంది" అనేవారాయన. "దారిలో ఉంది, అంతే."

వచ్చింది. చేతి తొడుగుల ప్యో గారి రూపంలో వచ్చింది. బూసాన్ మనిషి, మితభాషి. గోల్ఫు ఆటకి వేసుకునే తోలు తొడుగులు కుట్టించడం ఆయన వ్యాపారం. తాలూకాలన్నీ చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. టీ తాగి, "ఇక్కడ గోల్ఫు మైదానం ఉందా?" అన్నాడు. ఇది నా చెవులతో నేను విన్నది.

"ఉంది" అన్నారు లువాన్ గారు. నేను కళ్లు మూసుకుని చెప్పేశాను. వరండాలోకి రాగానే ఆయన నా మోచెయ్యి గిల్లి, "గోల్ఫు అంటే ఏంట్రా?" అన్నారు.

"కర్రతో చిన్న బంతిని కొట్టి, దూరంగా ఉన్న గుంటలో వెయ్యాలండీ."

"గుంట ఎవరు తవ్వాలి?"

"మనమేనండీ."

"మరింకేం, సగం పని తెలిసిందేగా!"

గోధుమ కోతలు అప్పుడే అయ్యాయి. మోడుల చేనులో గుంటలు తవ్వి, పాలడబ్బాలు పూడ్చి, వెదురుకి ఎర్రగుడ్డలు కట్టారు. ప్యో గారు వచ్చి, చేనుని చూసి, నన్ను చూసి, బంతిని కొట్టాడు. అది వెళ్లి మేకల మందలో పడింది. ఒక పోతు దాన్ని నోట కరుచుకుని పరుగెత్తింది. మేకల తాత వెనకాల, తాత వెనకాల లువాన్ గారు, ఆయన వెనకాల నేను. పోతు చెరువు గట్టంతా తిరిగొచ్చి, అలిసిపోయి, ఒక ఎర్రగుడ్డ పక్కన బంతిని వదిలింది. డబ్బాకి జానెడు దూరం. అంతవరకూ నవ్వు ఎరగని ప్యో గారు మోడుల్లో కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "నా జీవితంలో ఇంత దగ్గరగా ఎప్పుడూ కొట్టలేదు" అన్నాడు. ఆ వారంలోనే సంతకాలయ్యాయి. మా తాలూకా మొదటి విదేశీ పెట్టుబడి మేక తెచ్చింది.

ఆ ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి నడిచింది. ఊళ్లో ఆడవాళ్లు కొన్ని వందల మంది అందులో కుదిరారు. మా ఆవిడ లాన్‌యింగ్ తోలు కత్తిరించే బల్ల దగ్గర చేరింది. మా ఇంటి పైకప్పు దగ్గర్నుంచి మా అమ్మాయి చదువు దాకా అన్నీ ఆ బల్ల మీంచి వచ్చినవే. నా జీతం ఉల్లిపాయలకి.

మా దేశంలో ఒలింపిక్స్ జరిగిన ఏడు గాలి తిరిగింది. కూలి రేట్లు పెరిగాయి, పన్నుల మర్యాదలు ఆగిపోయాయి. అల్లుళ్లు మెల్లగా అత్తారింటి కూరలకి వంకలు పెట్టడం మొదలెట్టారు. వియత్నాంలో అన్నీ చవకట, అక్కడ కొత్త అత్తగారు ఎదురుచూస్తోందట. పక్క తాలూకాలో ఒకాయన చెప్పకుండానే వెళ్లిపోయాడు. పొద్దున పనివాళ్లు వెళ్లేసరికి తలుపులు బార్లా తీసి ఉన్నాయి, పచ్చడి జాడీ మాత్రం మూత పెట్టి ఉంది.

ఒకరోజు మా ఆవిడ అన్నం పెడుతూ, "ప్యో గారి గదిలో గోడకి కొత్త పటం తగిలించారు" అంది.

"దేని పటం?"

"సన్నగా, పొడుగ్గా, పక్కన సముద్రం. మన దేశం అంత సన్నం కాదు కదా?"

అది వియత్నాం పటం. ఫ్యాక్టరీ పోతే ఆడవాళ్లు ఒడ్డున ఉన్న ఊళ్లకి వెళ్లి పని వెతుక్కోవాలి. అక్కడ గేట్ల మీద బోర్డులు ఉంటాయి: పద్దెనిమిది నుంచి ముప్పై లోపు వాళ్లకే పని. మా ఫ్యాక్టరీలో నలభై దాటనివాళ్లని దీపం పెట్టి వెతకాలి.

మర్నాడు ప్యో గారే ఆఫీసుకొచ్చి సంగతి చెప్పాడు. కంపెనీ అసలు యజమాని వాళ్ల పెద్దక్క. ఆవిడ బూసాన్ నుంచి వస్తోంది. ఉండాలా వెళ్లాలా అన్నది ఆవిడ తేలుస్తుంది. "నేను ఉండాలనే అంటాను. కానీ చిన్నప్పటినుంచీ మా ఇంట్లో నా మాటకి విలువ ఉండదు" అన్నాడు.

"ఉంది" అన్నారు లువాన్ గారు వెంటనే. పాపం ప్యో గారు ఆ మాటకి కళ్లు తుడుచుకున్నాడు.

ఆయన వెళ్లాక లువాన్ గారు లేచి తలుపు వేశారు. ఎప్పుడూ లేనిది, ఆ మొహంలో నవ్వు లేదు. "చిన్న పియావ్, ఆ ఆడవాళ్లలో ఒక్కరు కూడా గేటు బయటికి పోకూడదు. పెద్దక్క ఏమడిగినా సరే. ఏమడిగినా. విన్నావా?"

"ఏమడిగినా ఉందనేస్తారు. అంతేగా?" అన్నాను.

ఆయన మళ్లీ తలుపు తీశారు.

పెద్దక్క గారు వచ్చిన మధ్యాహ్నం తాలూకా అతిథిగృహంలో విందు. ఆవిడ పొట్టి మనిషి, తెల్లజుట్టు, చేతిలో సంచీ కూడా ఆవిడే మోసుకుంటుంది. లువాన్ గారి కుడిపక్క ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోబెట్టాం. ఎదురుగా తాలూకా ఉపాధ్యక్షుడు హౌ గారు. ఆవిరి మీద ఉడికిన పెద్ద చేపని తెచ్చి, తల పెద్దక్క గారి వైపు ఉండేలా పెట్టారు. మా షాన్‌డాంగ్‌లో చేప తల ఎవరివైపు ఉంటే వాళ్లు ముందు గ్లాసు ఎత్తి తాగాలి. వాళ్లు తాగేదాకా ఆకలితో చచ్చినా సరే, ఇంకొకళ్లు తినే పుల్ల చేప మీద పడకూడదు.

పెద్దక్క గారు గ్లాసు ముట్టుకోలేదు. ప్రశ్నలు మొదలెట్టింది.

"కరెంటు కోత లేకుండా ఇచ్చే ఏర్పాటు ఉందా?"

"ఉంది."

"తోలు కడిగిన నీళ్లని శుభ్రం చేసే ఏర్పాటు?"

"ఉంది."

"సరుకు తీసుకెళ్లడానికి రోడ్డు?"

"ఉంది."

ఇవన్నీ నిజంగానే ఉన్నాయి. కానీ మా బతుకు ఎలా ఏడ్చిందంటే, నిజం చెబుతున్నా నాకు చెమటలు పడుతున్నాయి. ప్రతి 'ఉంది'కీ ఆవిడ తమ్ముడి వైపు చూస్తోంది. తమ్ముడు చేప వైపు చూస్తున్నాడు. మేక కథ ఆవిడ ఎప్పుడో విన్నదని అర్థమైంది.

అప్పుడు ఆవిడ పుల్లలు కింద పెట్టింది. "ఇక సూటిగా అడుగుతాను. వియత్నాంలో ఇరవై ఏళ్ల పిల్లలు కావలసినంతమంది వస్తామంటున్నారు. ఇక్కడ నా బల్లల దగ్గర అందరూ నడివయసు వాళ్లు. వాళ్లందరినీ పంపేసి, ఆ చోట్లో వయసు పిల్లల్ని ఇప్పించండి. ఫ్యాక్టరీ ఇక్కడే ఉంటుంది. మీకు ఆ వీలు ఉందా?"

నేను లువాన్ గారికి చెప్పాను. బల్ల చుట్టూ ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. వీలుకేం? ఊరి చివర చేతిపనుల బడి ఉంది, ఏటా పిల్లలు బోలెడుమంది బయటికొస్తారు. హౌ గారి మొహం వెలిగిపోయింది. గ్లాసు సగం పైకెత్తాడు కూడా.

లువాన్ గారు అన్నారు: "లేదు."

నేను పెద్దక్క గారి వైపు తిరిగి, చిరునవ్వుతో, స్పష్టంగా, కొరియా భాషలో చెప్పాను: "ఉంది."

ఏం చెయ్యను? అన్నేళ్ల అలవాటు. ఆయన పెదవులు కదిలితే నా నోట్లోంచి ఆ ఒక్క మాటే దొర్లుతుంది. ఆయన అన్నది చెవికి చేరింది గానీ, బుర్రకి చేరడానికి దానికి దారి తెలీలేదు.

లువాన్ గారు నా వైపు చూశారు. ఇన్నేళ్లలో ఆయన నా దగ్గర నేర్చుకున్న కొరియా మాటలు రెండే. 'ఇస్సయో' అంటే ఉంది, 'ఒప్సయో' అంటే లేదు. రెండోది ఎందుకండీ మీకు అంటే, "ఎదుటివాడు నన్ను తిడితే తెలియాలిగా" అన్నారు అప్పట్లో. ఇప్పుడు ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడి, "ఒప్సయో" అన్నారు. గొంతు సవరించుకుని ఇంకోసారి, హాలంతా వినబడేలా, "ఒప్సయో!"

ప్యో గారి చేతిలోంచి పుల్లలు జారిపడ్డాయి. బల్ల కింద హౌ గారు లువాన్ గారి కాలు తన్నబోయి నా కాలు తన్నాడు.

పెద్దక్క గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఈయన లేదంటున్నాడు, నువ్వు ఉందంటున్నావు. ఎవరి మాట నమ్మాలి?"

"ఆయనదేనండీ" అన్నాను, మోకాలు రుద్దుకుంటూ. "నాది ఉత్త అలవాటు."

ఆవిడ చటుక్కున లేచింది. "ఊరు చూస్తాను" అని సంచీ తీసుకుంది. గ్లాసు అలాగే ఉంది, చేప అలాగే ఉంది. వెళుతూ ఉంటే వెనకాల హౌ గారి కేక వినబడింది.

"లువాన్! రేపటినుంచి నీకు ఈ ఆఫీసులో పని లేదు!"

"ఉందండీ" అన్నారు లువాన్ గారు.

పెద్దక్క గారు వడివడిగా నడిచింది. వెనక ప్యో గారూ నేనూ. స్నానాల ఇంటి ముందు టెంగ్ బాబాయి బొగ్గు కొడుతున్నాడు. ఆ వీధి మలుపులోనే మౌ పిన్ని దుకాణం. కబురు కోసం ఫ్యాక్టరీ ఆడవాళ్లు సగం మంది అక్కడే గుమిగూడి ఉన్నారు. మా ఆవిడ ముందు నిలబడి ఉంది. మా మొహాలు చూడగానే గుంపంతా పక్కకి జరిగి దారి ఇచ్చింది. మౌ పిన్ని మాత్రం ఏ మొహం ఎలా ఉన్నా ముందు చేతిలో రొట్టె పెట్టే రకం. ఆ రొట్టె ఇప్పుడు పునాదికి పనికిరాదు, దూదిలా ఉంటుంది.

పెద్దక్క గారు ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుని, "ఈ మారుమూల ఇలాంటి రొట్టె ఎలా వచ్చింది?" అంది. నేను అడిగాను.

"జర్మనీ ఆయన పుణ్యం" అంది మౌ పిన్ని. "ఆయన రొట్టె ఉందా అని అడిగాడని మన లువాన్ ఈ పొయ్యి కట్టించాడు. తీరా చూస్తే ఆయన అడగనే లేదు!"

"అడగలేదా?" అన్నాను నేను. ఇది అనువాదంలో లేని మాట, నాది.

"లేదయ్యా. ఆయనతో వచ్చిన దుబాసీ పిల్ల తర్వాత ఎప్పుడో నా దగ్గర రొట్టెలు కొంటూ చెప్పింది. ఆయన నూడుల్సు రెండు గిన్నెలు తిని, ఇంకేం వద్దన్నాడట. ఈ రాయి ఎందుకిచ్చారో తెలీక దారంతా ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడట."

టెంగ్ బాబాయి పార పట్టుకునే వచ్చాడు. "నా జపాను వాడూ అంతే. స్నానం ఊసే ఎత్తలేదట. ఆ తొట్టి చూపించి బట్టలు విప్పమంటే హడలిపోయాడట, పాపం."

నేను దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. "మరి ఎందుకలా చెప్పాడాయన?"

లాన్‌యింగ్ నా నెత్తి మీద ఒకటి వేసింది. "ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చున్నావు, ఈ మాత్రం తెలీదా నీకు? ఆ నూలు మిల్లులో కార్మిక సంఘం పెద్ద ఎవరు? లువాన్ గారే కదా! మిల్లు మూసిన రోజు మేమంతా గేటు పట్టుకుని ఏడుస్తుంటే బల్ల ఎక్కి 'పని ఉంది, పని ఉంది' అని అరిచాడు. ఎక్కడుందిరా అని అందరం తిట్టాం. మౌ పిన్ని తన చెప్పు కూడా విసిరింది."

"తగల్లేదులే" అంది మౌ పిన్ని.

"మొగుడు పోయిన మౌ పిన్ని వెళ్లి పొయ్యి కట్టించండి అని అడిగితే తాలూకా ఆఫీసు కట్టిస్తుందా? అర్జీ రాసుకురమ్మంటుంది. అదే విదేశీ అతిథి అడిగాడంటే? బాబాయికి బాయిలరు, పిన్నికి పొయ్యి. వచ్చిన ప్రతివాడి నోటా ఈయన ఒక కోరిక పెట్టేవాడు. ఆ కోరిక పక్కన మా మిల్లు మనిషిని ఒకళ్లని పెట్టేవాడు. నువ్వేమో 'మా డైరెక్టరు గారికి కాస్త తిక్క' అని ఇంటికొచ్చి నవ్వేవాడివి!"

ఇదంతా పెద్దక్క గారికి చెప్పాల్సిన పని మళ్లీ నాదే. నా తెలివితక్కువతనాన్ని నేనే, పొల్లు పోకుండా, మర్యాద వాచకాలతో సహా కొరియా భాషలోకి మార్చాను. ఎక్కడా తడబడలేదు. అంత శుద్ధమైన అనువాదం నా ఉద్యోగంలో అదొక్కటే.

ఆవిడ చివరిదాకా వింది. రొట్టె పూర్తి చేసింది. చేతులు దులుపుకుని ఆడవాళ్లని ఒక్కసారి చూసింది. తమ్ముడితో, "ఆ బంతి కరుచుకున్న మేక కథ నువ్వు కల్పించావనుకున్నాను" అంది. వెనక్కి తిరిగి అతిథిగృహం దారి పట్టింది.

మేం వెళ్లేసరికి ఎవ్వరూ కదల్లేదు. కదలడానికి లేదు, ముఖ్య అతిథి గ్లాసు నిండుగా ఉంది. హౌ గారు చేపని కాపలా కాస్తున్నట్టు బిగుసుకుని కూర్చున్నాడు. లువాన్ గారు చల్లారిన టీ కళ్లు మూసుకుని చప్పరిస్తున్నారు. పెద్దక్క గారు తన కుర్చీలో కూర్చుని ఆయన వైపు తిరిగింది.

"మా తమ్ముడు మీ గురించి ఉత్తరాల్లో రాసేవాడు. అడిగిన ప్రతిదానికీ ఉందంటాడు, నమ్మాలో వద్దో తెలీదని. ఇందాక మీరు కరెంటు ఉందంటే నమ్మలేదు. నీళ్లు ఉన్నాయంటే నమ్మలేదు. ఉందంటే లాభం వచ్చే చోట లేదన్నారు చూడండి, అప్పుడు కరెంటూ నీళ్లూ రోడ్డూ కూడా నమ్మకం కుదిరాయి."

నేను చెబుతున్నాను. ఈసారి మాట తప్పడం లేదు.

"నేను వ్యాపారిని. కొత్త బల్లలు వియత్నాంలోనే వేస్తాను, అది మారదు. పాతవి మాత్రం కదపను. ఆ ఆడవాళ్లు చేతులు ఆడినన్నాళ్లు అక్కడే కూర్చుంటారు. ఒక ఫ్యాక్టరీని ఎక్కడ ఉంచాలో తేల్చుకోవాలంటే, అక్కడ నిజం చెప్పే మనిషి ఒకడు కావాలి."

ఆవిడ గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేసి బోర్లించింది. బల్ల చుట్టూ పుల్లలన్నీ ఒక్కసారి చేప మీద పడ్డాయి. మంచులా చల్లబడిపోయి, తోలులా సాగుతోంది. అంత రుచైన చేప నేనెప్పుడూ తినలేదు. హౌ గారు నోటినిండా కుక్కుకుని, "లువాన్, రేపు కాస్త పెందరాళే రా, చాలా పని ఉంది" అన్నాడు.

కబురు వీధిలోకి వెళ్లింది. ఆడవాళ్లు ఆయనకేదైనా ఇవ్వాలనుకున్నారు. సిగరెట్లు కాల్చరు, మందు ఆఫీసులోనే సరిపోతుంది. చలికాలం రాబోతోంది కదా అని, పనికిరాదని తీసేసిన తోలు ముక్కల్లోంచి మంచివి ఏరి, లోపల గొర్రెబొచ్చు వేసి, ఆయనకి చేతి తొడుగులు కుట్టారు. చక్కగా కుదిరాయి. ఒక్కటే తంటా. గోల్ఫు ఆడేవాడు తొడుగు ఎడమ చేతికే వేసుకుంటాడట. ఆ ఫ్యాక్టరీలో కత్తిరించే అచ్చులన్నీ ఎడమ చేతివే. ఆయనకి వచ్చినవి రెండూ ఎడమవే.

లువాన్ గారు పట్టించుకోలేదు. రెండోదాన్ని తిరగేసి కుడిచేతికి తొడుక్కున్నారు. అరచేతి వైపు వెనక్కొచ్చింది. మణికట్టు దగ్గర బిగించే, సన్నటి ముళ్లతో అతుక్కునే పట్టీ, వెనక ఉండాల్సింది, సరిగ్గా అరచేతిలోకి వచ్చింది. మొదటి మంచు కురిసిన రోజు, ఉన్ని తొడుగులు వేసుకున్న కొరియా పెద్దమనిషి ఒకాయన మా ఆఫీసు ముందు ఆగాడు. లువాన్ గారు గబగబా మెట్లు దిగి కరచాలనం చేశారు. పట్టీ ఉన్నిని పట్టేసింది. అటు లాగారు, ఇటు లాగారు. చెయ్యి ఊడదు.

"ఏం కావాలో కనుక్కో" అన్నారు నాతో, చెయ్యి ఊపుతూనే.

"బస్టాండుకి దారి అడుగుతున్నారండీ."

"లోపల చెబుదాం. చలిగా ఉంది, టీ తాగమను" అన్నారు. ఇద్దరూ కొత్త దంపతుల్లా చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లెక్కారు. పెద్దమనిషి పెట్టె మోసుకుంటూ వెనకాల నేను.